బుడగల మేస్త్రి అనుమానాలు

బుడగల మేస్త్రిని నేను మొదటిసారి చూసినప్పుడు ఆయన మా మేడమీది గది గోడకు ముక్కు ఆనించి వాసన చూస్తున్నారు. అద్దె ఇల్లు చూడవచ్చినవారు సాధారణంగా కుళాయి తిప్పుతారు, కిటికీ తెరుస్తారు, ఆపైన బేరమాడతారు. ఈయన గోడను వాసన చూశారు, తలుపు గొళ్ళేన్ని పదిసార్లు వేసి తీశారు, మేడమెట్ల కింది చీకటిలోకి వంగి చూశారు. చివరికి నావైపు తిరిగి ఒకే ప్రశ్న అడిగారు.

"ఇదివరకు ఉన్నవాళ్ళు ఎందుకు వెళ్ళిపోయారు?"

"బదిలీ అయింది."

"వాళ్ళు చెప్పారా, మీరు అనుకున్నారా?"

ముప్పైనాలుగేళ్ళు బడిలో ప్రశ్నలు వేయడమే తప్ప ఇంత సూటిగా నిలదీయించుకోవడం నాకు అలవాటు లేదు. బదిలీ కాగితం కళ్ళారా చూశానని చెప్పిన తరవాతే ఆయన ముఖంలో బిగువు కొంచెం సడలింది.

వెనక మెట్టు మీద నిలబడిన ఆయన భార్య నవ్వు ఆపుకుంటూ అన్నది: "ఏమనుకోకండి టీచరుగారూ. పెళ్ళి కుదిరాక నేను మొదటి ఉత్తరం రాస్తే, చేతిరాత నాదేనా కాదా అని ఎదురుగా కూర్చోబెట్టి మళ్ళీ రాయించారు."

"రెండుచోట్ల తేడా వచ్చింది" అన్నారాయన, ఇరవైరెండేళ్ళ తరవాత కూడా ఆ లెక్క తేలనట్టుగా.

వారు మేడమీదికి చేరిన వారంలో నాకూ ఒక అనుమానం పట్టుకున్నది. సాయంత్రం ఆయన మెట్లెక్కి వెళ్ళిన పిమ్మట నడవలో ఒక వాసన మిగిలిపోయేది. కుళ్ళిన ఉల్లిపాయకూ కాలిన రబ్బరుకూ మధ్యస్థంగా ఉండే ఆ వాసన తలుపులు మూసినా లోపలికి వచ్చేది. పొయ్యి గ్యాసు కారుతున్నదేమోనని బాగుచేసే మనిషిని రెండుసార్లు పిలిపించాను. అతడు సబ్బునురుగు పూసి చూసి, ఎక్కడా లోపం లేదని చెప్పి, నన్నొకసారి జాలిగా చూసి వెళ్ళాడు. మూడోసారి పిలిపించబోతుండగా మేస్త్రి భార్య దిగివచ్చింది.

"అది గ్యాసు కాదండీ" అన్నది తలవంచుకుని. "మా ఆయన."

ఆయన బట్టలు డాబామీద వేరే బకెట్టులో నానేవి. ఆయన తువ్వాలు వేరు, దిండు గలీబు వేరు. ఆమె కుట్టుమిషను మీద పక్కింటివారి రవికలు కుట్టేది కనుక, ఆ గుడ్డలకు వాసన పట్టకుండా వాటిని పెట్టెలో పెట్టి మూత వేసేది. చాలాకాలం వారికి ఏ ఇల్లూ ఆరునెలలకు మించి నిలవలేదట. మేస్త్రి గోడలను వాసన చూడడంలో అర్థం నాకు అప్పుడు బోధపడింది. తనకు ముందే ఆ ఇంట్లో ఏదైనా వాసన ఉంటే, దానినీ తన నెత్తినే రుద్దుతారని ఆయన భయం.

ఆయన పనిచేసే చోటు రంగులకూ మందులకూ కావలసిన ముడిపదార్థాలు తయారుచేసే చిన్న ఫ్యాక్టరీ. అక్కడ ఆయన చేసేది ఒకటే పని: డయాజోనియం లవణం నుంచి సల్ఫైడ్ అనే గంధకపు పదార్థాన్ని తీయడం. నేను భాష చెప్పినదానినే గాని రసాయనశాస్త్రం చెప్పినదానిని కాను. అయినా సాయంత్రాలు మెట్ల మీద కూర్చుని ఆయన చెప్పగా చెప్పగా నాకు కొంత పట్టుబడింది. ఒక అమీనును ఆమ్లంలో కరిగించి, మంచుగడ్డల మధ్య ఉంచి, నైట్రైట్ ద్రావణం కలిపితే డయాజోనియం లవణం తయారవుతుంది. దానిని అయిదు డిగ్రీలు దాటనివ్వకూడదు. ఎండబెట్టకూడదు. రేపటికని దాచకూడదు. ఇంకొక గాజుపాత్రలో గంధకం కలిసిన మరొక ద్రావణం గోరువెచ్చగా సిద్ధంగా ఉంటుంది. వాసన అంతా దానిదే.

"చల్లనిదాన్ని చుక్కచుక్కగా వెచ్చనిదాంట్లోకి వదలాలి" అనేవారు మేస్త్రి. "రెండూ కలిసీ కలవగానే నత్రజని బుడగలై బయటికి పోవాలి. పోయిందా, సల్ఫైడ్ మనకు మిగులుతుంది. పోలేదా, లోపలే కూర్చుంటుంది."

"కూర్చుంటే ఏమవుతుంది?"

"అడుగున నూనెలాగ చేరుతుంది. ఊరికే కూర్చున్నవాణ్ణి నేను నమ్మను టీచరుగారూ. మనిషినైనా సరే."

పాత్రలోంచి వచ్చే గాలి ఒక గొట్టం ద్వారా నీళ్ళసీసాలోకి పోయేది. ఆయన ఆ సీసా ముందు ఎత్తుపీట వేసుకుని, రోజుకు ఆరుగంటలు బుడగలను చూస్తూ కూర్చునేవారు. ఇన్ని చుక్కలకు ఇన్ని బుడగలు అని ఆయన లెక్క. తగ్గితే చుక్కలు వదిలే కుళాయి కట్టేసేవారు. బుడగల మేస్త్రి అన్న పేరు అలా వచ్చింది.

ఈ అపనమ్మకం ఆయనకు పుట్టుకతో వచ్చింది కాదు. పదో తరగతితో చదువు ఆపి, పంతొమ్మిదో ఏట సీసాలు కడగడానికి చేరినప్పుడు, ఆయనకు పని నేర్పినవాడు ఒక పెద్దమేస్త్రి. ఆ పెద్దమేస్త్రి ఒకప్పుడు తొందరపడి, రెండు ద్రావణాలనూ చల్లగానే ఒకేసారి కలిపి, తరవాత వేడిచేశాడు. లోపల చేరిన నూనెతో పాత్ర పేలింది. ఎడమచెవి పోయింది. ఆనాటినుంచి ఆయన శిష్యుడికి చెప్పిన పాఠం ఒకటే: "నన్ను నమ్మకు, కాగితాన్ని నమ్మకు, బుడగను నమ్ము." పదవీవిరమణనాడు ఆయన రెండు వస్తువులు అప్పగించి వెళ్ళాడు. ఒకటి, పని చేసే పద్ధతిని తన చేతిరాతతో రాసిన కాగితం. రెండోది, ద్రావణాన్ని కలపడానికి మందపాటి హీటరు తీగను తన చేతులతో వంచి తయారుచేసిన కవ్వం. అది నల్లబడి, వంకరపోయి, చూడడానికి ఏ చెత్తబుట్టలోంచో తీసినట్టు ఉండేదట.

మేస్త్రికి ఒక బావమరిది ఉన్నాడు, అదే ఫ్యాక్టరీలో స్టోరు చూసేవాడు. అక్క ఇల్లు మూడు సందుల అవతలే కనుక వారానికి రెండుసార్లైనా వచ్చేవాడు. అతడు వస్తే మెట్ల మీద నవ్వులు వినిపించేవి.

"టీచరుగారూ, మా బావ పొద్దున అద్దంలో చూసుకుని, ఎదురుగా ఉన్నవాణ్ణి గుర్తింపు కార్డు అడుగుతాడండీ."

"అడిగితే తప్పేముందిరా? నీ మొహంలాంటిది అద్దంలో కనిపిస్తే ఎవడైనా అడుగుతాడు."

"చూశావా అక్కా, నన్ను చూస్తే ముద్దొస్తుందని ఒక్కసారీ అనడు."

మేస్త్రి నవ్వేవారు. ఆయన నవ్వడం నేను చూసింది ఆ బావమరిది ఎదుటనే. అయినా అతడు తెచ్చిన పాలు వాసన చూడనిదే తాగేవారు కాదు.

వారు మా ఇంటికి వచ్చిన రెండో ఏడు ఫ్యాక్టరీకి కొత్త కెమిస్టు వచ్చింది. ముప్పై ఏళ్ళు నిండని అమ్మాయి, శుభ్రత అంటే పట్టుదల. వచ్చిన మూడోవారంలో ఆ నల్లకవ్వాన్ని తీయించి, దాని స్థానంలో గాజుకడ్డీకి తెల్లటి ప్లాస్టిక్ రెక్క బిగించిన కొత్తదానిని పెట్టించింది. మేస్త్రి అందరి ఎదుటా గొడవపడ్డారు. గురువుగారి వస్తువును చెత్తలో వేస్తారా అన్నారు. ఆమె, ఇది ఫ్యాక్టరీ గాని వస్తుప్రదర్శనశాల కాదన్నది. స్టోరులోంచి కొత్త కవ్వం తెచ్చి ఇచ్చినవాడు బావమరిది. పాతది పట్టుకెళ్ళినవాడూ అతడే.

మర్నాడు కొత్త కవ్వంతో మొదటిసారి పని మొదలుపెట్టారు. ఆ రోజే గంధకపు సరుకు కూడా కొత్త డ్రమ్ములోంచి తీశారు. ఇరవై నిమిషాలు చుక్కలు పడ్డాయి. నీళ్ళసీసాలో నాలుగైదు బుడగలు వచ్చి ఆగిపోయాయి. మేస్త్రి వంగి చూస్తే, పాత్ర అడుగున కాషాయరంగు నూనె ఒక పొరలాగ చేరుతున్నది. కుళాయి కట్టేసి, చుట్టూ మంచు పోసి, రక్షణ పలక అడ్డం పెట్టి, గదిలో ఉన్న అందరినీ బయటికి పంపివేశారు. పక్క రెండు గదులనూ ఖాళీ చేయించారు. ఫ్యాక్టరీ సగం పొద్దు వరకు ఆగిపోయింది.

ఏమీ పేలలేదు. ఆయనకు అదే చేటు తెచ్చింది. సాయంత్రానికి ఆ నూనె మెల్లగా తనంతట తానే విరిగిపోయి, పాత్రలో మురికినీళ్ళు మాత్రం మిగిలాయి. సరుకంతా పోయింది. మేనేజరు వచ్చి చూసి, చుట్టూ ఉన్నవారు వినేటట్టు, "నిన్న కవ్వం తీసేశారని అలిగారు, ఇవాళ పని ఆపేశారు. మాకు తెలియదనుకుంటున్నారా?" అన్నాడు. వారం రోజులలో సంజాయిషీ రాసి ఇవ్వాలి, అది నచ్చకపోతే ఉద్యోగం ఉండదు, అంతవరకు గేటు లోపల అడుగు పెట్టరాదు. ముప్పై ఏళ్ళ పనికి అదీ వచ్చిన మాట.

రెండోరోజు పొద్దున ఆయన పదకొండు కాగితాలు పట్టుకుని నా దగ్గరికి వచ్చారు.

"దిద్దిపెట్టండి టీచరుగారూ. భాష తప్పులుంటే చదవకుండానే పారేస్తారు."

చదివాను. భాష తప్పులు ఉన్నాయి గాని అవి దిద్దుకోవచ్చు. అసలు తప్పు నాలుగో కాగితంలో ఉంది. కొత్త డ్రమ్ము సీలు తనకు అందేనాటికే తెగి ఉన్నదనీ, స్టోరు తాళం బావమరిది చేతిలోనే ఉంటుందనీ, సరుకులో అతడు ఏదో కల్తీ చేశాడనీ రాశారు. కారణం కూడా రాశారు: కిందటి నెల పైమెట్టు ఉద్యోగానికి ఇద్దరి పేర్లూ వెళ్ళాయట.

"అతను కలపడం మీరు చూశారా?"

"చూడక్కర్లేదు. సీలు తెగి ఉంది. వాడు ఆ వారమంతా నన్ను చూసి మరీ ఎక్కువ నవ్వాడు."

"ఎప్పుడూ నవ్వుతాడు కదా."

"అదే కదా తెలివి" అన్నారాయన.

ముందురోజు ఫ్యాక్టరీ వదిలి వచ్చేముందే ఆయన స్టోరు ముందు నిలబడి, నలుగురు వినగా, "సీలు ఎవడు తెంపాడో వాడు నా అన్నం తెంపాడు" అని కేక వేసి వచ్చారని ఆయన భార్య నాకు తరవాత చెప్పింది. ఆ రోజునుంచి బావమరిది అక్క ఇంటి గడప తొక్కడం మానేశాడు. మేడమీద కుట్టుమిషను మధ్యమధ్యలో ఆగిపోయేది.

నేనూ ఎవరినీ నమ్మే స్థితిలో లేను. మేనేజరు అన్నది నిజమేనేమో, పంతానికి ఈయనే పని చెడగొట్టారేమో అని లోలోపల ఒక ముల్లు గుచ్చుతూనే ఉంది. అయితే చూడనిదానిని చూసినట్టు రాయడానికి నా కలం ఒప్పుకోదు. ఆ నాలుగో కాగితాన్ని పక్కన పెట్టించాను.

"మీకు తెలిసింది రాయండి, మీరనుకున్నది వద్దు. ముందురోజు పని ఎలా జరిగిందో, ఆ రోజు ఎలా జరిగిందో, పొద్దున తాళం తీసిన దగ్గరనుంచి చెప్పండి. నేను రాస్తాను."

మూడు పూటలు పట్టింది. మంచు ఎంత, వేడి ఎంత, చుక్కల వేగం ఎంత, ఒకటీ వదలలేదు. ఆయన జ్ఞాపకం చూసి నాకే ఆశ్చర్యం వేసింది. ఆరేళ్ళ కిందట ఒకరోజు బుడగలు మూడు తగ్గిన సంగతి కూడా ఆయనకు గుర్తుంది. మూడోపూట అడిగాను: "ఆ పాత్రలోని ద్రావణానికి తగిలే వస్తువులు ఏవేవి?"

"గాజు. థర్మామీటరు. కవ్వం."

"వాటిలో ఆ రోజు మారింది?"

"అది గరిటె టీచరుగారూ. గరిటె మారితే కూర మారుతుందా?"

"నాకు తెలియదు. మారిందా లేదా, అదొక్కటే చెప్పండి."

"రాయకండి. రాస్తే ఇంకా కవ్వం మీదే ఏడుస్తున్నాడంటారు. పంతం పట్టాడన్న మాటకు నేనే సాక్ష్యం ఇచ్చినట్టవుతుంది."

అది నిజమే. ఉద్యోగం పోయే మాట అదే కావచ్చు. అయినా మారినవి రెండే: కొత్త డ్రమ్ము, కొత్త కవ్వం. ఒకటి రాసి ఒకటి మానితే అది అబద్ధమే అవుతుందన్నాను. ఆయన లేచి, వాకిలిదాకా వెళ్ళి, తిరిగి వచ్చారు.

"అయితే రెండూ రాయండి. వాడి పేరు మాత్రం..." అని ఆగారు. ఆ వాక్యం పూర్తిచేయలేదు. నేను ఆ పేరు రాయలేదు.

సంజాయిషీ మూడు పుటలకు కుదిరింది. అయిదోరోజున ఆయన భార్య తీసుకెళ్ళి ఇచ్చివచ్చింది. ఏడోరోజు సాయంత్రం ఆ కెమిస్టు అమ్మాయే మా వాకిట్లోకి వచ్చింది. మేస్త్రి మెట్ల మీద కూర్చుని ఉన్నారు, లేవలేదు. ఆమె కూడా చనువు తీసుకోకుండా కింది మెట్టు దగ్గరే నిలబడింది.

"డ్రమ్ము సీలు తెంపింది నేను మేస్త్రిగారూ. పరీక్షకు కొంచెం సరుకు తీసుకున్నాను. మీకు చెప్పాలని తోచలేదు. సరుకు మంచిదే."

మేస్త్రి అప్పుడు లేచి నిలబడ్డారు.

"మీ కాగితంలో కవ్వం మాట చూసి మొదట నవ్వాను. తరవాత నిద్రపట్టలేదు. చెంచాడు ద్రావణం తీసుకుని, మూడు చిన్న పాత్రల్లో చేసి చూశాను. గాజుకడ్డీతో కలిపినదాంట్లో బుడగలు రాలేదు, నూనె చేరింది. పాత కవ్వం ముక్క వేసినదాంట్లో మీరు చెప్పిన లెక్కకు సరిగ్గా వచ్చాయి. మూడోదాంట్లో మళ్ళీ గాజుకడ్డీనే, కాని ముందుగా చిటికెడు నికెల్ లవణం వేశాను. అందులోనూ వచ్చాయి. ఆ హీటరు తీగలో నికెల్ ఉంటుంది. అది రవ్వరవ్వగా కరుగుతూ, ఆ చెడ్డ నూనెను పుట్టినదాన్ని పుట్టినట్టే విరగ్గొడుతోంది. ఇన్నేళ్ళూ మీరు బుడగలను కాస్తున్నారనుకున్నారు. మిమ్మల్ని ఆ తీగ కాసింది."

పద్ధతి కాగితంలో పెద్దమేస్త్రి 'బాగా కలపాలి' అని రాశాడు గాని, దేనితో కలపాలో రాయలేదు. ఆ తీగ తప్ప మరొకటి ఎన్నడూ వాడనివాడికి అది రాయవలసిన సంగతి అని తోచదు. దానిని చూసి చెత్త అనుకున్న అమ్మాయికీ తోచలేదు.

"ఎల్లుండినుంచి రండి. మేనేజరుగారు సంతకం పెట్టారు" అని ఆమె కాగితం అందించింది. కొంచెం ఆగి, "నేను కూడా మిమ్మల్ని అనుమానించాను" అన్నది.

"నేనూ మిమ్మల్ని అనుమానించాను మేడం. మీరు వచ్చిన మొదటిరోజునుంచీ" అన్నారు మేస్త్రి, మర్యాద తప్పకుండా.

ఆమెకు నవ్వు వచ్చింది. వెళ్ళబోతూ ఉండగా నేనే అడిగాను, చెత్తలో వేసిన తీగ ఎలా దొరికిందని.

"చెత్తలో వెయ్యలేదండీ. స్టోరు ఆయన తన బీరువాలో దాచాడు. శుభ్రంగా తుడిచి, కాగితం చుట్టి, పైన 'బావది' అని రాసి పెట్టాడు. అడగగానే తీసి ఇచ్చాడు."

మేడమీద మిషను చప్పుడు ఆగిపోయింది. మేస్త్రి భార్య అన్నీ వింటున్నదని మాకు అప్పుడు తెలిసింది. మేస్త్రి ఉద్యోగం కాగితాన్ని విప్పలేదు, చదవలేదు. దానిలో ఏమున్నదో సరిచూసుకోకుండా జేబులో పెట్టుకోవడం ఆయన జీవితంలో అదే మొదటిసారి అయి ఉంటుంది.

తరవాతి నెలలో వారు ఫ్యాక్టరీవారు ఇచ్చిన ఇంటికి మారిపోయారు. అంతకుముందు, కెమిస్టు వచ్చి వెళ్ళిన మర్నాడు, ఆదివారం పొద్దున, ఆయన అడిగినదే నన్ను ఆఖరుగా అడిగినది. ఉతికిన చొక్కా తొడుక్కుని దిగివచ్చి, "మూడు సందుల దాకా నాతో వస్తారా?" అన్నారు. ఎందుకని నేను అడగలేదు. దారిలో రెండుసార్లు చొక్కా చేతిని ముక్కు దగ్గర పెట్టుకుని చూసుకున్నారు.

"ఏం చెప్పాలో అనుకున్నారా?"

"నాలుగు వాక్యాలు అనుకున్నాను. మీకు వినిపిస్తే దిద్దుతారని చెప్పడం లేదు."

"దిద్దను."

"వద్దులెండి. తప్పులతోనే వెళ్ళనివ్వండి."

బావమరిది ఇంటి తలుపు మూసి ఉంది. లోపల పళ్ళేల చప్పుడు, రేడియోలో ఎవరిదో మాట. మేస్త్రి చెయ్యెత్తి, తలుపుకు ఆనించకుండానే దించేసుకున్నారు. మళ్ళీ ఎత్తారు, మళ్ళీ దించారు. నా వెనక్కి ఒక అడుగు జరిగి, గొంతు తగ్గించి అన్నారు:

"మీరు తట్టండి టీచరుగారూ. ఎవరూ అని అడిగితే మాత్రం, మీరని చెప్పకండి, నేనని చెప్పండి. నేనని తెలిసే తియ్యాలి వాడు."